వేలంపాటగాడి గొంతు

"ఆ బటన్ మీంచి వేలు తియ్యి, హేస్టీ!"

దార్కా బేస్‌మెంట్ మెట్లు సగం దిగుతూనే అరిచింది. బూట్లు విప్పలేదు. మంచు కరిగే రోజుల్లో డాఫిన్ ఊళ్ళో ఒకరింట్లోకి బురద బూట్లతో నడిచేవాళ్ళు రెండే రకాలు, మంటలార్పడానికి వచ్చినవాళ్ళూ మర్యాద తెలియనివాళ్ళూ. దార్కా ఈ పూట మొదటి రకం.

గ్లెన్ హేస్టీ వేలు తియ్యలేదు. తల మాత్రం తిప్పి నవ్వాడు.

"వచ్చావా తల్లీ? నీకెవరు కబురు పెట్టారు?"

"పెళ్ళికూతురు. గంట కిందట ఏడుస్తూ ఫోన్ చేసింది. ముందు వేలు."

"నాలుగు డిస్కుల్లో రెండు చచ్చాయి దార్కా. ఒక్క రీబిల్డ్ కొట్టి చూస్తే పోయేదేముంది?"

"ఉన్న రెండూ పోతాయి. ఆ పెట్టెకి పాతదేదో కొత్తదేదో తెలీదు, మిగిలినదాని మీదే రాసుకుంటూ పోతుంది. పోస్టుమార్టం కాకుండానే పాతిపెట్టేస్తావా?"

వేలు వెనక్కి వచ్చింది. హేస్టీకి కోపం వచ్చింది కానీ, అతను తెలివితక్కువవాడేం కాదు. ఒకప్పుడు పోలీసు ఉద్యోగంలో ఇద్దరూ పక్కపక్క బల్లల దగ్గర కూచుని దొంగల కంప్యూటర్లు విప్పినవాళ్ళే. తరవాత అతను విన్నిపెగ్‌లో అద్దాల తలుపుల ల్యాబు పెట్టాడు, ఆమె సొంత ఊరి పక్కకి వచ్చేసి వంటింటి బల్ల మీద ల్యాబు పెట్టింది. అప్పటినుంచీ ఒకరి కేసులోకి ఇంకొకరు రావడం, వచ్చినప్పుడల్లా ఇలా పలకరించుకోవడం వాళ్ళకి మామూలే.

వాళ్ళిద్దరి మధ్యా బల్ల మీద ఉన్నది రొట్టెల డబ్బా అంత నల్లపెట్టె. ఇంట్లోవాళ్ళందరి ఫొటోలూ, కాగితాలూ, పాటలూ దాచుకునే స్టోరేజి పెట్టె. ముందువైపు నాలుగు అరలు, అరకో డిస్కు. ఏది దాచినా నాలుగింటికీ పంచి రాస్తుంది కాబట్టి ఒక డిస్కు పోయినా మిగతా మూడూ కలిసి లెక్క చెప్పేస్తాయి. రెండు పోతే మాత్రం మూగదైపోతుంది. ఇప్పుడు రెండు ఎర్రదీపాలు వెలుగుతున్నాయి.

ఆ మూగపెట్టెలో ఉన్నది ఒక మనిషి గొంతు.

ఆ మనిషి, మైరన్ డుచాక్, మెట్ల పక్కన కుర్చీలో ఒళ్ళో చిన్న తెల్లపలక పెట్టుకుని కూచున్నాడు. ముప్పై ఏళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నింటిలోనూ పశువుల్నీ ట్రాక్టర్లనీ వేలం వేసిన మనిషి. పాట మొదలెడితే ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడో ఎవరూ కనిపెట్టలేకపోయారని చెప్పుకుంటారు. కిందటేడు ఆకులు రాలే రోజుల్లో కాన్సరని తేలింది, ఫిబ్రవరిలో స్వరపేటిక తీసేశారు. అంతకుముందు నెలంతా ఈ బేస్‌మెంట్‌లో మైకు ముందు కూచుని తన గొంతుని మాటమాటగా ఈ పెట్టెలో దాచుకున్నాడు. వాటిలో ఒక్కటి అన్నింటికంటే ముఖ్యం. వచ్చే శనివారం కూతురు కలీనా పెళ్ళి. వాళ్ళ ఆచారం ప్రకారం చర్చికి బయల్దేరే ముందు ఇంటి గడప దగ్గర రొట్టే ఉప్పూ పట్టుకుని తల్లిదండ్రులు దీవించాలి. తల్లి ఎప్పుడో పోయింది, దీవించాల్సినవాడు తండ్రి ఒక్కడే. ఆ దీవెన రికార్డు చేశానని, పెట్టెలో భద్రంగా ఉందని ఆపరేషనుకి వెళ్ళేముందు కూతురి చెయ్యి పట్టుకుని చెప్పాడు. అతని నోటినుంచి ఆమె విన్న ఆఖరి మాటలు అవే.

ఈస్టరు రోజు సాయంత్రం చూస్తే పెట్టె పలకడంలేదు. పండగ కానీ, వాన తగ్గనీ అంటూ ఇంట్లో పది రోజులు గడిచాక, చివరికి కలీనాయే హేస్టీని పిలిపించింది.

"కేసు అయిపోయింది," అన్నాడు హేస్టీ, తన ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి. "ఈ పెట్టెలోకి ఎవరు ఎప్పుడు వచ్చారో పెట్టే రాసి పెట్టుకుంది. ఈస్టరు ముందురోజు, శనివారం మధ్యాహ్నం రెండుంపావు. ఇంట్లోవాళ్ళంతా చర్చిలో. లోపలికొచ్చింది ఒక్కడు. పెళ్ళికొడుకు. ఆ తరవాత ఇంకెవరూ రాలేదు, పెట్టె చచ్చింది. ఎందుకొచ్చావయ్యా అంటే నోరు విప్పడు."

"అది పెళ్ళికూతురికి చెప్పేశావా?"

"అడిగింది, చెప్పాను."

"బాగా చేశావు. నాలుగు రోజుల్లో పెళ్ళి. ఆ పిల్ల ఉంగరం తీసి చక్కెర డబ్బాలో పడేసిందట."

మైరన్ పలక మీద రాసి పైకెత్తాడు. *వాడు కాదు.*

"నీకెలా తెలుసు మైరన్?" అంది దార్కా.

తుడిచి ఇంకోటి రాశాడు. *పోతే పోయింది. కాఫీ తాగుతారా?*

దార్కా ఆ పలక వైపు కావలసినదానికంటే కొంచెం ఎక్కువసేపు చూసింది. అందరూ గొంతు వెతుకుతున్నారు, గొంతు పోయినవాడు కాఫీ ఇస్తానంటున్నాడు. ఆ సంగతి మనసులో ఒక పక్కన పెట్టుకుని పైకి వెళ్ళింది.

పెళ్ళికొడుకు జెరికో మనలస్తాస్ వెనక వరండాలో నిలబడి ఉన్నాడు. ఊరి ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి సరాసరి వచ్చాడు, ఇంకా ఆ నీలం బట్టల్లోనే ఉన్నాడు. మనీలాలో పుట్టి ఈ చలిలోకి వచ్చిపడ్డవాడు కాబట్టి ఏప్రిల్‌లో కూడా ఉన్నిటోపీ వదలడు.

"శనివారం రెండుంపావుకి పెట్టెలోకి ఎందుకొచ్చావు బాబూ?"

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

"ఉందో లేదో అని."

"ఏది?"

అతను టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అప్పుడు నువ్వెక్కడున్నావ్? ఇంట్లోనా?"

"చర్చి దగ్గర. వీళ్ళతోనే ఉన్నాను."

"అయితే ఫోన్లోంచి వచ్చావన్నమాట. పండగ బుట్టలు దీవించే వేళ, చుట్టూ అంత జనంలో, ఫోన్ తీసి మామగారి పెట్టె ఎలా ఉందో చూడాలని ఎందుకు బుద్ధి పుట్టింది?"

"ఆంటీ, నేనే పాడుచేశానని రాసుకోండి. కలీనాతో నేను తరవాత మాట్లాడుకుంటాను. శనివారంలోపు అది పలికితే చాలు నాకు."

"పెళ్ళి పోయినా ఫర్వాలేదా?"

అతని కళ్ళు ఎర్రబడ్డాయి. టోపీ చెవుల మీదికి లాక్కుని పెరటి వైపు తిరిగాడు. దార్కాకి ఆ కుర్రాడు ఎంత నచ్చాడంటే, లాగి ఒకటి కొట్టాలనిపించింది. చెయ్యని తప్పు ఒప్పుకుంటున్నాడంటే వెనకాల ఇంకెవరినో దాస్తున్నాడన్నమాటే. నోట్లో నువ్వుగింజ నానని మనుషుల్ని చాలామందిని చూసింది కానీ, ఇలాంటివాణ్ణి చూసి చాలాకాలమైంది.

కిందికి వచ్చి పెట్టె కరెంటు తీసేసింది. ఎర్రదీపం వెలిగిన రెండో డిస్కు గొళ్ళెం నొక్కి అర బయటికి లాగింది. హేస్టీ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"నేను చూశాను అవన్నీ. అడుగునున్న బోర్డు మీద తుప్పు. బేస్‌మెంట్ తడికి అలాగే అవుతుంది."

అడుగున ఉన్న పచ్చటి బోర్డు మీద, డిస్కు లోపలి భాగానికి కరెంటు అందించే రాగిచుక్కల చుట్టూ, ముదురు ఎరుపు రంగులో ఏదో గట్టిగా పేరుకుని ఉంది. పిడి మీద ఒక మూల లేతపసుపు బొట్టు. గోటితో గీకితే వంగింది, విరగలేదు. మైనం, అది కూడా తేనెమైనం. గొళ్ళెం సందులో ఎర్రటి కుట్టుదారం పోగొకటి ఇరుక్కుని ఉంది.

దార్కా బోర్డుని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. నాలికకి కూడా తగిలించుకునేదే కానీ, బోర్డు మీద సీసం ఉంటుందని గుర్తొచ్చి ఆగింది.

"హేస్టీ, ఒకసారి వాసన చూడు."

"నేను కుక్కనా?"

"చూడవయ్యా."

చూశాడు. తుమ్మాడు. ఇంకోసారి తుమ్మాడు.

"తుప్పు ఎప్పుడైనా నీ ముక్కు అదరగొట్టిందా?" అంది దార్కా. "ఇప్పుడు నీ ల్యాప్‌టాప్ ఇటివ్వు. నువ్వు మనుషులు వచ్చిపోయిన లెక్క చూశావు. అరలు తెరిచి మూసిన లెక్క వేరే ఉంటుంది, అది చూడలేదు."

రెండు నిమిషాల్లో ఆ లెక్క దొరికింది. శనివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మొదటి అర బయటికొచ్చింది. తరవాత రెండోది, మూడోది, నాలుగోది. ఒక్కోదానికీ మధ్య చాలా వ్యవధి, బాగా నిదానం మనిషి ఎవరో కష్టపడి తీసినట్టు. సాయంత్రం నాలుగు దాటాక నాలుగూ మళ్ళీ లోపలికి వెళ్ళాయి. ఆ వెంటనే రెండు డిస్కులు పలకడం మానేశాయి.

"అంటే రెండుంపావుకి…" అని హేస్టీ ఆగిపోయాడు.

"రెండుంపావుకి పెట్టెలో డిస్కులే లేవు. ఆ కుర్రాడు ఖాళీ ఇల్లు తలుపు తట్టి వెళ్ళిపోయాడు. చచ్చిన పామునైనా కొట్టొచ్చు, అసలు అక్కడ లేని పాముని ఎలా కొడతాడు?"

హేస్టీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తప్పయిందని పైకి అనలేదు కానీ, చెవులు ఎర్రబడ్డాయి.

"మరి డిస్కులు మూడు గంటలు ఎక్కడున్నట్టు?"

"అది నువ్వు కనిపెట్టలేవులే. మా అమ్మలాంటి అమ్మకి పుట్టుంటే కనిపెట్టేవాడివి," అని దార్కా ఈసారి బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మెట్లెక్కింది.

వంటింట్లో మైరన్ తల్లి పరాస్క పెద్దపెద్ద చేతులతో పిండి ఒత్తుతోంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. శనివారం పెళ్ళివిందుకి కొన్ని వందల వరేనికీలు చెయ్యాలి. బంగాళాదుంప కూరి అంచులు నొక్కి మూసే ఆ కజ్జికాయల్ని హోటలువాళ్ళ చేత చేయించడమంటే ఆమె దృష్టిలో ఇంటి పరువు బజారున పడెయ్యడమే. కలీనా పక్కన నిలబడి, కళ్ళు వాచిపోయి, దుంపలు మెదుపుతోంది.

దార్కా చేతులు కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూచుంది. ఒక పిండి బిళ్ళ తీసుకుని దుంప కూరి అంచు నొక్కింది.

"పెద్దమ్మా, ఆకలేస్తోంది. సాసేజి ముక్క ఏదైనా ఉంటే పెడుదూ. కాస్త బీట్‌రూట్ పచ్చడి కూడా వెయ్యి. నీ పచ్చడిలో హార్స్‌రాడిష్ దుంప ఘాటు మాడుకెక్కుతుందని మా అమ్మ చెప్పేది."

పరాస్క చేతులు ఆగాయి.

"అయిపోయింది."

"అయిపోవడమేంటి నానమ్మా?" అంది కలీనా. "ఈ పండక్కి అసలు వడ్డించనేలేదుగా! మూత ఊడి బుట్టలో ఒలికిపోయిందన్నావ్."

"అదే. ఒలికి అయిపోయింది."

"దేని మీద ఒలికింది పెద్దమ్మా?" అంది దార్కా మెల్లగా.

ఇప్పుడు ముసలావిడ చేతులు రెండింతల వేగంతో పిండి ఒత్తుతున్నాయి. పది రోజులుగా తేలుకుట్టిన దొంగలా ఉందావిడ, నొప్పి ఉంది కానీ అరవడానికి లేదు. జెరికో వరండా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆంటీ, వదిలెయ్యండి," అన్నాడు.

"నువ్వూరుకో నాయనా," అంది పరాస్క ఒక్కసారిగా. "నా మూలంగా నువ్వు చాలా మోశావు. ఆ రోజు బుట్ట కూడా నువ్వే మోశావు."

కలీనా చేతిలో గరిటె బల్ల మీద పెట్టేసింది. "ఏ బుట్ట?"

"ఈస్టరు బుట్టేనే! ఇంకే బుట్ట? ఏటా ఏం తీసుకెళ్తాం? రొట్టె, వెన్న, గుడ్లు, హాము, ఉప్పు, పచ్చడి. ఫాదరు నీళ్ళు చల్లి దీవిస్తే తెచ్చుకుని తింటాం. వండుకున్న పంది తొడని దీవిస్తారు, బానే ఉంది. నా కొడుకు గొంతు హాముకంటే తక్కువా?"

పరాస్క పిండిముద్దని బల్లకేసి కొట్టింది.

"వాడి మెడలో చూస్తే ఇంత కన్నం. నా చేత్తో చారు పట్టిన గొంతది. అది ఆ నల్లపెట్టెలో ఉందన్నారు. ఒక్కతీ చీకట్లో, బేస్‌మెంట్‌లో. దీవెన లేకుండా ఉంటుందా? పెట్టె బుట్టలో పట్టలేదు. దుమ్ము తుడవడానికి వాడు ఆ అరలు ఎలా లాగుతాడో చూశాను. లాగాను. బుట్ట అడుగున పెట్టి ఎర్రదారం కుట్టుగుడ్డ కప్పాను. రొట్టెలో కొవ్వొత్తి గుచ్చాను. ఈ కొత్త ఫాదరుదేమో పెద్ద చెయ్యి. మునుపటాయన నాలుగు చుక్కలు చల్లేవాడు, ఈయన బకెట్లో చీపురు ముంచి గొడ్డుని కడిగినట్టు కడుగుతాడు! బుట్ట కదిలింది, సీసా మూత ఊడింది. ఇంటికొచ్చి నా ఏప్రన్‌తో తుడిచి, ఎక్కడివక్కడ పెట్టాను. ఎర్రగా రెండు దీపాలు…" ఏప్రన్ అంచు మెలిపెట్టింది. "పాపిష్టి ముండని. నా కొడుకు గొంతు పచ్చడిలో ముంచి చంపాను."

"నేను బుట్ట ఎత్తితే బరువుగా ఉంది," అన్నాడు జెరికో. "గుడ్డ తొలగితే నల్లగా కనిపించాయి. పాతవేమో అనుకుని ఫోన్లో చూశాను. డిస్కులు లేవని చెప్పింది. అప్పటికే ఫాదర్ నీళ్ళు చల్లేశారు. నానమ్మ మొహం చూశాక ఇంక నేనేం మాట్లాడను?"

కలీనా అతని వైపు రెండడుగులు వేసి ఆగింది. తరవాత చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టి ఉంగరం తీసి, చక్కెర పలుకులతోనే వేలికి తొడుక్కుంది.

"నాతోనైనా చెప్పొచ్చుగా, మొద్దు!"

"నీతో చెబితే మామయ్యకి తెలియకుండా ఉంటుందా?"

మెట్ల దగ్గర చప్పుడైతే అందరూ తిరిగి చూశారు. మైరన్ నిలబడి ఉన్నాడు, అంతా విన్నాడు. భుజాలు కుదుపుతో ఊగిపోతున్నాయి. పరాస్క రెండు చేతులతో మొహం కప్పుకుంది. అతను ఏడవడంలేదని, పడిపడి నవ్వుతున్నాడని, ఆ నవ్వుకి చప్పుడు లేదంతేనని గ్రహించడానికి అందరికీ కాస్త సమయం పట్టింది. తల్లి దగ్గరకొచ్చి ఆమె తల మీద ముద్దుపెట్టి పలక మీద రాశాడు.

*హాము కింద పెట్టావా, పైన పెట్టావా?*

"కింద," అందావిడ కళ్ళు తుడుచుకుంటూ.

*అదీ తప్పు. పెద్దవాళ్ళని పైన కూచోబెట్టాలి.*

"పచ్చడి అయితే బతకొచ్చు," అంది దార్కా లేచి. "కాలిపోతే చేసేదేం లేదు. పుల్లటి రసం రాగిచుక్కల మీద పడి పొర కట్టింది, కరెంటు లోపలికి వెళ్ళడంలేదు. మొత్తం పోయిందో, పొర గీకితే పలుకుతుందో ఇప్పుడు తేలాలి. నాలుగులో మూడు కావాలి మనకి. ఆ రెండింట్లో ఒక్కటి లేచినా చాలు. లేవకపోతే శనివారానికి ఏమీ ఉండదు, నేను అబద్ధం చెప్పను."

హేస్టీ బ్యాగు తెరిచి చిన్న నక్షత్రపు మొన స్క్రూడ్రైవరూ, స్పిరిట్ సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ దగ్గర ఉన్నవి బండవి," అన్నాడు. "ఇవి తీసుకో. లైటు నేను పట్టుకుంటా."

"రీబిల్డ్ కొట్టవుగా?"

"నీ బుద్ధి ఎక్కడికి పోతుంది!"

నాలుగో డిస్కు బోర్డు విప్పితే రాగిచుక్కలు మూడు కరిగిపోయి ఉన్నాయి. సీసా సరిగ్గా దాని మీదే ఒలికినట్టుంది. దార్కా దాన్ని పక్కన పెట్టింది. రెండోదాని మీద స్పిరిట్‌తో ఎరుపంతా తుడిచి, పెన్సిలు వెనక ఉండే రబ్బరుతో ఒక్కో చుక్కనీ మెల్లగా రుద్దింది. నల్లపొర పోయి చుక్క మెరిసేదాకా రుద్దడం, ఊదడం, హేస్టీ భూతద్దంలో చూసి తల అడ్డంగా ఊపడం, మళ్ళీ రుద్దడం. లైటు పట్టుకున్న అతని చెయ్యి గంటసేపు కదల్లేదు. పాతరోజుల్లో కూడా చెయ్యి అంత నిలకడగానే ఉండేదని దార్కాకి గుర్తొచ్చింది, అతనితో మాత్రం అనలేదు.

బోర్డు బిగించి కరెంటు ఇచ్చింది. చెవి ఆనించింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత లోపల సన్నగా, దోమ ఎగిరినట్టు, డిస్కు తిరగడం మొదలెట్టింది.

"లేచింది!" అన్నాడు హేస్టీ, తన కేసు దార్కా చేతికి పోయిందన్న సంగతి మరిచిపోయి.

పెట్టెలో పెట్టి ఆడించడానికి దార్కా ఒప్పుకోలేదు. మూడు డిస్కుల్లో ఉన్నదంతా ముందు కొత్తవాటి మీదికి ఎక్కించాలి, ముట్టుకుంటే ఆ కాపీలనే ముట్టుకోవాలి. అది అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఈలోపు పరాస్క అందరికీ ఉల్లిపాయలూ వెన్నా వేసి వరేనికీలు పెట్టింది. హేస్టీ వద్దువద్దంటూ మూడు ప్లేట్లు తిన్నాడు. "ఈ మనిషిని తిట్టకే, తిండి తినే మనిషి," అని దార్కాకి చెప్పింది ముసలావిడ.

నాలుగో డిస్కు లేకుండానే మూడు కాపీలూ కలిసి లెక్క చెప్పాయి. దార్కా ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లు వరసగా తెరుచుకున్నాయి. ఒకదాన్ని నొక్కింది.

"ఈ కాఫీలో చక్కెర వేశారా, చక్కెరలో కాఫీ వేశారా?" అంది మైరన్ గొంతు.

పరాస్క కుర్చీలో కూలబడింది. కలీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. ఇంకోటి నొక్కితే వేలంపాట, ఎర్ర ఆవు ఒకదాని ధర ఊపిరాడని వేగంతో పెరుగుతూ పోయింది. ఆ గొంతులో జీవం ఎంతుందంటే, కుర్చీలో కూచున్న మైరన్ వైపు చూసి అతని పెదవులు కదలడంలేదేమని ఆశ్చర్యపోవాల్సి వచ్చింది.

"దీవెన పెట్టండి ఆంటీ," అంది కలీనా.

దార్కా ఆ ఫోల్డరు తెరిచింది. లోపల ఇరవైకి పైగా ఫైళ్ళు. ఒక్కొక్కదాని నిడివీ చూసింది. అన్నీ దాదాపు ఒకే నిడివి, అన్నీ చాలా చిన్నవి. గడప దగ్గర చెప్పే దీవెన పూర్తిగా చెబితే అంతకు మూడింతలు పడుతుంది. ఆమె తలెత్తి మైరన్ వైపు చూసింది. అతను పలక వైపు చూస్తున్నాడు. పండగ కానీ అని ఒకరోజు, వాన తగ్గనీ అని ఒకరోజు, ఎవరినీ పిలవకుండా పది రోజులు నెట్టుకొచ్చింది ఎవరో, పొద్దున కాఫీ ఇస్తానన్నది ఎందుకో ఆమెకి ఒక్కసారిగా అర్థమైంది. ఈ పెట్టె బాగుపడకూడదని కోరుకున్న మనిషి ఈ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

ల్యాప్‌టాప్ మూత సగం దించింది.

"ఇవి కాస్త దెబ్బతిన్నట్టున్నాయి. ఇంటికి తీసుకెళ్ళి చూస్తాను," అంది. ఎన్నో ఏళ్ళుగా అబద్ధాలు పట్టుకున్న మనిషికి అబద్ధం చెప్పడం మాత్రం చేతకాలేదు.

కలీనా ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. "ఇంకెన్ని దాస్తారు ఈ ఇంట్లో? ఒకళ్ళు దాచబట్టి పొద్దున్న నా పెళ్ళి ఆగిపోయేది."

మైరన్ చెయ్యి చాచాడు. మూత పైకెత్తి, తనే ఒక ఫైలు నొక్కాడు.

"వెళ్ళేముందు ఒక మాట," అంది గొంతు. వేలంపాట వేగం లేదందులో, నెమ్మదిగా ఉంది. "ఈ రొట్టె మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఏ పూటా ఇది నీకు లేకుండా పోకూడదు. ఈ ఉప్పు రుచి నీకు కూరలోనే తెలియాలి, కన్నీళ్ళలో కాదు. మీ అమ్మ తరఫునా, నా తరఫునా నిన్ను దీవిస్తున్నాను, నా చిట్టితల్లీ, కలీ…"

ఆగింది. ఊపిరి ఒకటి వినిపించింది, అంతే.

అతను రెండోది నొక్కాడు. అక్కడే ఆగింది. మూడోది కూడా అక్కడే. నాలుగోదాంట్లో ఆ పేరు దాకా కూడా రాలేదు, బూతు ఒకటి తిట్టుకుని ఆపేశాడు. ఇంకోటి నొక్కబోతే కలీనా అతని చెయ్యి పట్టుకుంది.

మైరన్ పలక తీసుకుని రాశాడు.

*ఒక్కటీ పూర్తవలేదు. ఉందని నీతో అబద్ధం చెప్పి లోపలికి వెళ్ళాను. ఇది పాడైందని తెలిసిన రాత్రి హాయిగా నిద్రపోయాను.*

కలీనా చదివింది. రెండోసారి చదివింది.

"ముప్పై ఏళ్ళలో ఒక్కసారి తడబడలేదు నీ నోరు," అంది. "అది నా పేరు దగ్గర ఆగిపోయిందా నాన్నా?"

అతను తల ఊపాడు.

"అయితే శనివారం ఇదే వెయ్యాలి. సరిచెయ్యొద్దు ఆంటీ, అతకొద్దు. గడప దగ్గర ఇదే వెయ్యాలి."

హేస్టీ గొంతు సవరించుకున్నాడు. "మరి… మిగతా దీవెన? అక్కడితో ఆగిపోతుందిగా."

పరాస్క పిండిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ లేచి వచ్చి కొడుకు కుర్చీ వెనక నిలబడింది.

"మిగతాది నేను చెప్తాను," అంది. "వాడికి మాటలు నేర్పిందాన్ని నేనే కదా."